లింకన్‌లో అరవై డాలర్ల దండగ, అడవిలో నాన్న స్లీపర్లు

ముందు తిట్టాల్సినవి తిట్టేసి, తర్వాత అడవి సంగతి చెబుతాను.

అక్టోబర్ మొదటి వారం. బోస్టన్ నుంచి న్యూ హ్యాంప్‌షైర్‌లోని లింకన్‌కి రెండుంబావు గంటల డ్రైవ్. ఆకులు ఎర్రబడే రోజులు కదా, రూము దొరకడమే గొప్ప. రాత్రికి 219 డాలర్ల చొప్పున రెండు రాత్రులకి తీసుకున్నాను. తీరా బిల్లు చూస్తే 540 డాలర్ల 33 సెంట్లు! ఎనిమిదిన్నర శాతం రాష్ట్ర పన్ను ఉంటుందని తెలుసు. మధ్యలో రాత్రికి 30 చొప్పున 'రిసార్ట్ ఫీజు' ఎక్కడిదని అడిగాను. స్విమ్మింగ్ పూల్‌కి అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. కిటికీలోంచి చూస్తే పూల్ మీద నీలం పట్టా కప్పి ఉంది, దాని మీద గుప్పెడెత్తు ఆకులు. "సీజన్ అయిపోయింది కదా" అన్నాడు. మరి రేటు మాత్రం సీజన్ రేటే! రూములో తివాచీ తడిసిన గోనెసంచి వాసన కొడుతోంది. మైక్రోవేవ్‌లో లైటు వెలుగుతుంది, గిన్నె తిరుగుతుంది, అన్నం మాత్రం వేడెక్కదు. మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. ఆ రూము వెతికింది నేనే మరి.

నాన్నకి అసలు రావడమే ఇష్టం లేదు. బిట్రగుంట దగ్గర రైల్వేలో 36 ఏళ్లు పట్టాల పని చూసి రిటైరయ్యారు. "ఈ మోకాళ్లతో కొండలేం ఎక్కుతాన్రా, మీరు పోయి రండి" అని మంచం దిగలేదు. "ఎక్కేదేం లేదు నాన్నా, పాత రైలుకట్ట మీద నడకే" అన్నాను. లేచి బూట్లు వేసుకున్నారు.

నడక మొదలయ్యే లింకన్ వుడ్స్ దగ్గర పార్కింగ్ ఐదు డాలర్లు. ఈ ప్రయాణంలో న్యాయంగా అనిపించిన ఖర్చు అదొక్కటే. తీగల వంతెన మీద ఏరు దాటగానే దారి గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. హెన్రీ అనే కలప వ్యాపారి 1893లో వేయించిన ఈస్ట్ బ్రాంచ్ అండ్ లింకన్ రైలుమార్గం ఇది. దుంగలు మోసిన ఈ బండ్లు 1948లో ఆగిపోయాయి. పట్టాలు పీకేశారు కానీ వాటి కింద పరిచిన కొయ్య దిమ్మెలు, అదే స్లీపర్లు, అక్కడక్కడా దారికి అడ్డంగా ఇంకా ఉన్నాయి. తడిస్తే నున్నగా జారతాయి. మా ఆవిడ రెండుసార్లు తూలింది, ఆ కోపమూ నా ఖాతాలోకే.

నాన్న మాత్రం మొదటి స్లీపర్ దగ్గరే ఆగిపోయారు. ఒంగి చేత్తో ఆకులు తుడిచారు. కొయ్య పుచ్చిపోయి వేలు దిగుతోంది. మడమకి బొటనవేలు ఆనిస్తూ ఆ కొస నుంచి ఈ కొసకి కొలిచి, "మన బ్రాడ్ గేజ్ కొయ్య స్లీపర్ తొమ్మిదడుగులు. ఇది ఎనిమిది దాటదు. కంకర కూడా సరిగా పోయలేదు, పిసినారి" అని తేల్చేశారు. కాసేపాగి, "కానీ బుర్ర ఉన్నోడేరా. దుంగలెత్తిన బండి పల్లానికి, ఖాళీ బండి ఎగువకి. ఇంజన్‌కి ఏం కష్టం?" అన్నారు. మోకాళ్ల ఊసు మళ్లీ రాలేదు.

ఇప్పుడు రెండు పక్కలా దట్టమైన చెట్లే. వీటిలో చాలా వరకు ఆ నరుకుడు తర్వాత లేచినవే. అప్పట్లో నరికి వదిలేసిన కొమ్మలూ రెమ్మలూ ఎండిపోయి, 1907లో ఔల్స్ హెడ్ కొండ వైపు మంట అంటుకుని వేల ఎకరాలు తగలబడ్డాయి. ఇలాంటివి చూశాకే ఈ అడవుల్ని ప్రభుత్వం కొనడానికి 1911లో వీక్స్ చట్టం తెచ్చారు. 1984 నుంచి ఈ దారి కొసనున్న పెమిజెవాసెట్ అడవిలోకి యంత్రాలకి ప్రవేశం లేదు.

మూడు మైళ్లు దాటాక ఫ్రాంకోనియా జలపాతం. వెడల్పాటి రాతి పలకల మీద కూర్చుని పులిహోర తిన్నాం, అక్కడ మా ఆవిడ మొదటిసారి నవ్వింది.

తిరుగుదారిలో మావాడికి తుప్పు పట్టిన మేకు ఒకటి దొరికింది, పట్టాని స్లీపర్‌కి కొట్టే లావుపాటిది. జేబులో వేసుకుంటుంటే నాన్న చూశారు. ఇక్కడి పాత వస్తువులు తీసుకెళ్లడం నేరమని నేను చెప్పబోయేలోపే, "రైల్వే సొత్తు నాన్నా, ఎక్కడ తీశావో అక్కడే పెట్టెయ్. 36 ఏళ్లలో ఒక్క బోల్టు ఇంటికి తేలేదు నేను" అన్నారు. వాడు ఏడుపు మొహంతో వెనక్కి నడిచి పెట్టొచ్చాడు.

నా సలహా అడిగితే, లింకన్‌లో రాత్రి ఉండొద్దు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే ఎనిమిదిలోపు పార్కింగ్ దొరుకుతుంది, చీకటి పడేలోపు ఇంట్లో ఉంటారు. తప్పక ఉండాల్సివస్తే, బుక్ చేసేముందు ఫోన్ చేసి ఫీజులన్నీ కలిపి మొత్తం ఎంతో అడగండి. ఆ అరవై డాలర్ల కోసం నేను రాసిన మెయిల్‌కి 'నిబంధనల్లో ఉంది' అని రెండు ముక్కల జవాబొచ్చింది.

బిట్రగుంటలో ఉన్న స్నేహితుడికి నాన్న ఆ రాత్రే వాట్సాప్ కాల్ చేశారు. ఎనిమిదడుగులేంటి, అబద్ధం అన్నాడట ఆయన. "మళ్లీ పోదాం రా. ఈసారి టేపు పెట్టుకో" అంటున్నారు నాన్న.