యాపియం కోర్సు: 4,500 కట్టాను, పని నడిచింది మాత్రం ఉచిత పేజీతో

మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర. ఇంట్లోంచే మాన్యువల్ టెస్టింగ్, అంటే సాఫ్ట్‌వేర్‌ని చేత్తో నడిపి తప్పులు పట్టే పని, చేస్తుంటాను. మొబైల్ ఆటోమేషన్ (ఫోన్ యాప్‌లని కోడ్ రాసి దానంతటదే టెస్ట్ అయ్యేలా చేయడం) వస్తేనే తర్వాతి ప్రాజెక్టు అని మేనేజర్ అనేసరికి టెన్షన్ పట్టుకుని, హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు (పేరెందుకులెండి) ఆ పనికి వాడే యాపియం అనే టూల్ మీద పెట్టిన రికార్డెడ్ కోర్సుకి 4,500 రూపాయలు కట్టేశాను.

సార్ చెప్పడంలో వంక లేదు. జావా, దానిలో టెస్టులు నడిపే టెస్ట్‌ఎన్‌జీ అన్నీ తెలుగులో నెమ్మదిగా చెప్తారు. గొడవల్లా వీడియోలు యాపియం 1 నాటివి కావడం. ఆ వెర్షన్‌ని 2022 జనవరి నుంచే పట్టించుకోవడం మానేశారు, 2023లో 2.0 వచ్చింది, ఇప్పుడు 3 కూడా ఉంది. నేనేమో కొత్తది ఇన్‌స్టాల్ చేసుకుని, ఆయన కోడ్‌ని పొల్లు పోకుండా టైప్ చేసి, ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ నాకే తెలివి లేదనుకుంటూ కూర్చున్నాను. సపోర్ట్‌కి రాస్తే రెండు రోజులకి జవాబు: సిస్టమ్ రీస్టార్ట్ చేసి చూడండి.

చివరికి యాపియం సొంత సైటులోనే దొరికింది మందు. 1 నుంచి 2కి ఎలా మారాలో చెప్పే పేజీ ఒకటుంది, ఇంగ్లీషే కానీ అర్థమవుతుంది. సర్వర్ అడ్రస్ చివర ఉండే డబ్ల్యూడీ హబ్ (/wd/hub) అనే ముక్క తీసేయాలట. ఆండ్రాయిడ్ ఫోన్‌ని నడిపించే యూఐఆటోమేటర్2 డ్రైవర్‌ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. డివైస్ నేమ్ లాంటి కేపబిలిటీల (మనం ఇచ్చే సెట్టింగుల పేర్ల) ముందు యాపియం అని రాసి కోలన్ పెట్టాలి. ఈ మూడూ మార్చాక పాత వీడియోల్లో చాలా భాగం పనికొచ్చింది! టచ్‌యాక్షన్‌తో స్వైప్ చేసే పాఠాలు మాత్రం వదిలేయండి, ఆ పద్ధతి పోయింది.

నా లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్. ఎమ్యులేటర్ (లాప్‌టాప్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) తెరిస్తే ఫ్యాన్ రైస్‌మిల్లులా మోగుతుంది. అందుకని పాత ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి దానిమీదే నడిపాను. ఫోన్ దానంతటదే టైప్ చేసుకుంటుంటే మా అమ్మ చూసి "దీనికి గాలేటైనా సోకిందేట్రా" అంది.

ఐఫోన్ కూడా నేర్పుతామన్నారు గానీ రెండు స్లైడ్లతో సరి. దానికి మ్యాక్ కంప్యూటర్, అందులో ఎక్స్‌కోడ్ అనే యాపిల్ సాఫ్ట్‌వేర్ కావాలన్న ముక్క డబ్బు కట్టించుకోకముందే చెప్పుంటే బాగుండేది. టెస్ట్ ఆటోమేషన్ యూనివర్సిటీ అని ఉచిత కోర్సుల సైటు ఒకటుంది, అదీ చూడొచ్చు. అక్కడైనా ఏ వెర్షన్ మీద చెప్తున్నారో ముందు చూసుకోండి.

నా మార్కులు 5కి 2, అవీ సార్ గొంతుకి. రీఫండ్ అడిగితే ఏడు రోజుల గడువు దాటిపోయిందన్నారు. ఆ ఏడు రోజులూ నేను డబ్ల్యూడీ హబ్ దగ్గరే ఉన్నాను.