విండోస్ అప్‌డేట్ ఎక్కనప్పుడు: కంప్యూటర్‌లోనే ఉన్న మరమ్మతు సాధనాలపై సమీక్ష

కరెంటు పోయే సమయానికి అప్‌డేట్ సగంలో ఉంది. తిరిగి వచ్చాక కంప్యూటర్ మామూలుగానే తెరుచుకోవడంతో ఆ సంగతి నేను మరచిపోయాను. మరుసటి నెల అప్‌డేట్ మాత్రం వరుసగా మూడు రోజులు ఒకే తీరున నడిచింది: రీస్టార్ట్ కావడం, శాతం తొంభై దాటే వరకు ఎక్కడం, అక్కడ కాసేపు తటపటాయించడం, చేసిన మార్పులను రద్దు చేస్తున్నామని చెప్పి మొదటికి రావడం. ఆ తరువాత నేను ఒక్కొక్కటిగా వాడి చూసిన సాధనాల గురించే ఈ సమీక్ష. ఇవన్నీ విండోస్ 11తో పాటే వస్తాయి, వీటికి విడిగా డబ్బు కట్టవలసిన పని లేదు.

ఈ విషయం నాకు డబ్బు కట్టిన తరువాతే తెలిసింది. ఒక్క నొక్కుతో అన్నీ సరిచేస్తామని ప్రకటించుకునే ఒక సాఫ్ట్‌వేర్‌ను తొందరలో దించుకున్నాను. అది రెండు నిమిషాల్లో వందల కొద్దీ దోషాలను ఎర్ర అక్షరాల్లో చూపింది, వాటిని తొలగించడానికి రుసుము అడిగింది, రుసుము తీసుకున్నాక ఆకుపచ్చ గుర్తు వేసింది. ఆ రాత్రి అప్‌డేట్ మళ్లీ అదే శాతం దగ్గర వెనుదిరిగింది. అది చూపిన దోషాల్లో అత్యధికం విండోస్ తన సెట్టింగ్‌లను రాసుకునే రిజిస్ట్రీలో మిగిలిపోయిన పాత నమోదులు, వాటికీ అప్‌డేట్‌కూ సంబంధమే లేదు.

విండోస్ సొంత సాధనాల్లో మొదట చూడవలసింది అసలు సాధనమే కాదు, అప్‌డేట్ హిస్టరీ అనే పేజీ. విఫలమైన అప్‌డేట్ పక్కన సున్నా, ఎక్స్ తరువాత ఎనిమిది స్థానాల కోడ్ ఒకటి ఉంటుంది. 80070070 అయితే డిస్క్‌లో చోటు లేదని అర్థం, కొన్ని పెద్ద ఫైళ్లను తీసివేస్తే కథ అక్కడితో ముగుస్తుంది. నాకు కనిపించినది 80073712. విండోస్ తన భాగాలన్నింటినీ దాచుకునే కాంపొనెంట్ స్టోర్ దెబ్బతిన్నదని దాని భావం. కరెంటు పోయిన రాత్రి నాకు గుర్తుకు వచ్చింది అప్పుడే. అయితే కోడ్ ప్రతిసారీ ఇంత సూటిగా మాట్లాడదు. 2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్ అనేక కంప్యూటర్లలో 80070643 అనే కోడ్‌తో ఆగిపోయింది. ఇన్‌స్టలేషన్‌లో పెద్ద పొరపాటు జరిగిందన్నంతకు మించి ఆ కోడ్ చెప్పేదేమీ లేదు. అసలు కారణం మరమ్మతు ఫైళ్ల కోసం డిస్క్‌లో వేరుచేసి ఉంచే రికవరీ పార్టిషన్ ఇరుకుగా ఉండటం, అందులో 250 మెగాబైట్ల ఖాళీ లేకపోవడం. తాళం ఎక్కడ బిగుసుకుందో యంత్రానికి తెలిసినా మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పకపోవడమే ఈ వ్యవస్థ మొత్తంలో నాకు కనిపించిన పెద్ద లోపం.

అప్‌డేట్ చిక్కులను తానే వెతికి సర్దే ట్రబుల్‌షూటర్‌కు నేను ఎక్కువ మార్కులు వేయలేను. తెర వెనుక నడిచే సర్వీసులు ఆగిపోతే అది వాటిని తిరిగి నడిపిస్తుంది, దించుకున్న ఫైళ్ల గందరగోళాన్ని కొంత సర్దుతుంది. చిన్న చిక్కులకు అది చాలు.

అసలైన పనిముట్లు రెండు: కాంపొనెంట్ స్టోర్‌ను బాగుచేసే డిస్మ్, విండోస్ సిస్టమ్ ఫైళ్లను పరీక్షించి సరిచేసే ఎస్ఎఫ్‌సీ. రెండింటినీ, ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నడపాలి. చాలామంది ఎస్ఎఫ్‌సీతో మొదలుపెట్టి, అది కొన్ని ఫైళ్లను బాగుచేయలేకపోయిందని చెప్పగానే నిరాశపడతారు. ఎస్ఎఫ్‌సీ పాడైన సిస్టమ్ ఫైల్ స్థానంలో మంచి ప్రతిని పెట్టడానికి కాంపొనెంట్ స్టోర్ వైపే చూస్తుంది. ఆ స్టోరే చెడి ఉంటే అది పుచ్చిన విత్తనాల గాదెలో నుంచి విత్తనం తీసినట్టే. అందుకే ముందు డిస్మ్‌లోని రీస్టోర్‌హెల్త్ ఆదేశంతో స్టోర్‌ను బాగుచేసి, ఆ తరువాతే ఎస్ఎఫ్‌సీని నడపాలి. డిస్మ్ నడుస్తున్నంతసేపూ ఓపిక అవసరం. నా కంప్యూటర్‌లో అది 62.3 శాతం దగ్గర చాలాసేపు కదలక మెదలక కూర్చుంది, మూసివేద్దామని వేలు మౌస్ మీదికి వెళ్లిన తరువాత కదిలింది.

కదిలినా ఫలితం దక్కలేదు. మూల ఫైళ్లు దొరకలేదంటూ 800ఎఫ్081ఎఫ్ అనే కోడ్ చూపింది. ఇందులో ఒక తిరకాసు ఉంది: డిస్మ్ మంచి ఫైళ్లను మామూలుగా విండోస్ అప్‌డేట్ ద్వారానే తెచ్చుకుంటుంది, అంటే మరమ్మతుకు కావలసిన సరుకు రావలసింది కూడా మనం బాగుచేయాలనుకుంటున్న దారిలోనే. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ ఇన్‌స్టలేషన్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండే ఐఎస్ఓ ఫైల్ దించుకుని, అందులోని విండోస్ ఇమేజ్‌ను మూలంగా చూపిస్తే డిస్మ్ ఈ చిక్కు నుంచి బయటపడుతుంది. కానీ ఆ ఆదేశంలో ఇమేజ్ వరుస సంఖ్య, ఎడిషన్, వెర్షన్ అన్నీ సరిగ్గా సరిపోవాలి. ఇంట్లో లెక్కలు రాసుకోవడానికి కంప్యూటర్ వాడే మనిషి చేత ఇంత చేయించడం భావ్యం కాదు.

ఇక దించుకున్న అప్‌డేట్ ఫైళ్లు ఉండే సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ పేరు మార్చే చిట్కా. అప్‌డేట్ సర్వీసును, దానితో పాటు తెర వెనుక డౌన్‌లోడ్లు చేసే బిట్స్ సర్వీసును ఆపి, ఫోల్డర్ పేరు మార్చి, వాటిని మళ్లీ నడిపితే విండోస్ కొత్త ఫోల్డర్‌ను తయారుచేసుకుని అన్నీ మొదటి నుంచి దించుకుంటుంది. డౌన్‌లోడ్ సగంలో చెడినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. నా జబ్బు అది కాదు కనుక నాకు పనికిరాలేదు. దీనితో పాటు, చాలా చోటు తింటోందని విన్ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్‌ను కూడా ఖాళీ చేయమని సలహా ఇచ్చేవారున్నారు, దయచేసి దాని జోలికి పోవద్దు. కాంపొనెంట్ స్టోర్ అంటే అదే. అందులోని అనేక ఫైళ్లు, ఒకే ఫైల్‌ను రెండు చోట్ల చూపే హార్డ్ లింకుల ద్వారా వేరే చోట్ల కూడా లెక్కకు వస్తాయి కనుక, ఆ ఫోల్డర్ నిజంగా తినే చోటు కంటే పైకి కనిపించే పరిమాణమే ఎక్కువ.

చివరికి నా కంప్యూటర్‌ను బాగుచేసినది సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద, రికవరీ పేజీలో ఉన్న ఒక బటన్. 'ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్' అన్న వరుసకు ఎదురుగా రీఇన్‌స్టాల్ నౌ అని ఉంటుంది. అది ప్రస్తుతం ఉన్న వెర్షన్‌నే కొత్తగా దించి, మన ఫైళ్లను, యాప్‌లను, సెట్టింగ్‌లను కదపకుండా దాని మీదే తిరిగి వేస్తుంది. రీఇన్‌స్టాల్ అన్న మాట చూసి అంతా తుడిచిపెట్టుకుపోతుందని భయపడి నేను దానిని చివరికి వదిలేశాను. ఆ పేజీలోనే ఉన్న రీసెట్ వేరు, ఇది వేరు. రీసెట్‌లో మన ఫైళ్లను ఉంచమని ఎంచుకున్నా, మనం వేసుకున్న యాప్‌లు పోతాయి. ఇంత మంచి సౌకర్యాన్ని ఇంత బెదిరించే పేరుతో, ఆ పొరుగున పెట్టడం ఎవరి ఆలోచనో గాని, దానివల్ల ఎందరో రెండు రోజులు వృథా చేసుకుని ఉంటారు. నన్నడిగితే, డిస్మ్ ఒకసారి విఫలమైన వెంటనే దీనికే రావాలి.

రెండు జాగ్రత్తలు. డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న కంప్యూటర్ అయితే 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఫైళ్లు పోవని చెప్పినా బ్యాకప్ తీసుకోవాలి. నేను ల్యాప్‌టాప్ ఛార్జర్ ప్లగ్‌ను కూడా రెండుసార్లు నొక్కి చూసుకున్నాను. ఆఫీసు వారు నిర్వహించే కంప్యూటర్లలో ఈ బటన్ కనిపించకపోవచ్చు. బటన్ లేనివారు ఐఎస్ఓ ఫైల్‌ను తెరిచి, అందులోని సెటప్‌ను విండోస్ నడుస్తుండగానే నడిపి, ఫైళ్లను, యాప్‌లను ఉంచమని ఎంచుకుంటే ఇదే పని జరుగుతుంది.

పని ముగిశాక డిస్మ్‌ను మళ్లీ నడిపాను. స్టోర్‌లో ఏ లోపమూ లేదని చెప్పింది. భద్రతా అప్‌డేట్లు వచ్చే, నెలలో రెండవ మంగళవారం రానే వచ్చింది. ఆ రాత్రి శాతం తొంభై దాటి, ఎక్కడా ఆగకుండా నూరుకు చేరి, సైన్ ఇన్ తెర చూపింది.