కథలో మనిషి: తెలిసినవాళ్లను తీసుకోవడమా, ఊహించి పుట్టించడమా?

కథలు రాసేవాళ్లు నలుగురు కలిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఈ వాదన వస్తుంది. పాత్ర కోసం మనకు తెలిసిన మనిషిని ఉన్నది ఉన్నట్టు దించాలా, లేక లేని మనిషిని పుట్టించుకోవాలా? చెన్నైలో కూర్చుని తెలుగు కథలు రాసే మా బోటివాళ్లకు ఈ ప్రశ్న ఇంకాస్త బరువైనది.

ఎందుకంటే ఇక్కడి తెలుగు ఒక్క రకం కాదు. జార్జ్ టౌన్‌లో తరతరాలుగా ఉంటున్న ఇంట్లో పెద్దామె తెలుగులోనే మాట్లాడుతూ మధ్యలో ‘ఆమా’, ‘సరి’ అంటుంది. ఆ మాటలు అరవమన్న ధ్యాసే ఆమెకు ఉండదు. నెల్లూరు నుంచి వచ్చి ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కుర్రాడు ఫోన్లో స్నేహితుడితో ‘ఏందబ్బా’ అనే అంటాడు, ఆఫీసులో మాత్రం అనడు. ఈ తేడాలు కుర్చీలో కూర్చుని ఊహిస్తే రావు. చెవితో పట్టుకోవాలి. తెలిసిన మనిషిని తీసుకోవడంలో నాకు కనిపించే అతి పెద్ద లాభం ఇదే. మాట, నడక, డబ్బులు లెక్కపెట్టే తీరు, కోపం వస్తే ముందు ఏం చేస్తారన్నది, ఇవన్నీ ఖర్చు లేకుండా దొరుకుతాయి.

చిక్కు ఎక్కడంటే, ఆ మనిషి జీవితంలో ఏం చేశాడో మనకు ముందే తెలుసు. అందుకే ఏం చేస్తాడు అని మనం అడగం. ఒక కాస్ట్యూమ్ టైలర్‌ను అనుకుందాం. విజయా వాహినీ స్టూడియోల రోజుల్లో తెనాలి నుంచి వచ్చి వడపళనిలో కుదురుకున్నాడు. తెలుగు సినిమా హైదరాబాద్‌కు తరలిపోయినా ఆయన మాత్రం ఇక్కడే ఉండిపోయాడు. అలాంటి పెద్దాయన మనకు నిజంగానే తెలిస్తే, ఉండిపోయాడని రాసేసి ఊరుకుంటాం. పాఠకుడు ‘ఎందుకు ఉండిపోయాడు?’ అంటే ‘నిజంగా జరిగిందండీ’ అంటాం. ఆ జవాబు పాఠకుడికి చాలదు. బతుకులో కారణం తెలియకుండానే ఎన్నో జరిగిపోతాయి. కథలో మాత్రం ఆ కారణం పాత్ర లోపల ఎక్కడో ఉండాలి.

ఇంకో సంగతి, నొప్పి. చెన్నైలో తెలుగు సర్కిల్ చిన్నది. పేరు మార్చినా, వీధి మార్చినా, ‘ఇది మా పిన్ని గురించే కదా’ అని ఎవరో ఒకరు పట్టేస్తారు. ఆమె మనల్ని నమ్మి చెప్పుకున్న మాట అచ్చులో కనిపిస్తే ఆమెకు కలిగే బాధ ముందు మన కథ ఎంత? ఈ విషయంలో నేను పట్టింపుగా ఉంటాను.

ఊహించి పుట్టించిన పాత్రతో ఈ బాధ లేదు. కానీ అక్కడ ఇంకో ప్రమాదం ఉంది. అందరూ రచయితలాగే మాట్లాడతారు, రచయిత అభిప్రాయాలే చెబుతారు. అద్దె కట్టరు, బస్సెక్కరు. చెన్నైలో ఉంటున్నానని చెప్పుకునే పాత్రకు 2015 డిసెంబరు వరదలో ఇంట్లోకి నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలియాలి. 2019 ఎండల్లో చెరువులు ఎండిపోయినప్పుడు ట్యాంకర్ లారీ దగ్గర బిందెలు పట్టుకుని ఎవరు నిలబడ్డారో తెలియాలి. కథలో అవి రాయనక్కర్లేదు. రాసేవాళ్లకు తెలిస్తే చాలు, మనిషి నేల మీద నిలబడతాడు.

అయినా ఆనందమంతా ఈ వైపే ఉంది. ఆ టైలర్‌నే ఊహించి రాస్తున్నామనుకోండి. కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ‘నాన్నా, ఇక్కడికి వచ్చెయ్యి’ అంటాడు. ఊరి మీద మమకారంతో ఆయన రానంటాడని మన ప్లాన్. తీరా ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన ‘అక్కడ మిషను పెట్టుకోవడానికి చోటుందా రా?’ అని అడుగుతాడు. అంటే వెళ్లాలని ఉంది! ఇన్నేళ్లూ ఎవరైనా పిలుస్తారేమోనని ఎదురుచూశాడు. కథ మొత్తం మళ్లీ రాయాలి, ఆ రాత్రి నిద్ర పట్టదు. అంతకంటే సంతోషం ఈ పనిలో ఇంకేముంది?

గురజాడ ‘కన్యాశుల్కం’ చూడండి. 1897 నాటి మొదటి కూర్పు పీఠికలో, విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1,034 కన్యాశుల్కపు పెళ్లిళ్ల లెక్కను ఆయన ప్రస్తావించారు. సమస్య కళ్ల ముందున్నదే, పట్టికకు ఎక్కినదే. 1909లో వచ్చిన రెండో కూర్పులో ఆయన నాటకాన్ని బాగా తిరగరాశారు, మధురవాణి పాత్ర అందులో ఎంతో ఎదిగింది. ఆ ఎదుగుదల ఏ పట్టికలోంచీ రాలేదు, తిరగరాయడంలోంచి వచ్చింది.

అందుకని నా ఓటు ఊహకే, ఒక షరతు మీద. మాటనూ చేతిపనినీ చూసినవాళ్ల దగ్గర తీసుకోవాలి, అదీ ఒక్కరి దగ్గర కాకుండా ఇద్దరు ముగ్గురి దగ్గర. నిర్ణయం మాత్రం ఎవరి దగ్గరా తీసుకోకూడదు. పాత్ర ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన చోట మనకు తెలిసినవాళ్లను పక్కన పెట్టి, ఈ మనిషి ఏం కోరుకుంటున్నాడు, ఏం దాస్తున్నాడు అని కొత్తగా అడగాలి. తెలిసిన మనిషితో మొదలుపెట్టక తప్పకపోతే వయసో, వృత్తో, ఆడా మగా అన్నదో, ఏదో ఒక పెద్ద విషయం మార్చేయండి. మిగతావన్నీ వాటంతట అవే కదులుతాయి.

ఒక పేజీ గల్పికకు ఇంత అక్కర్లేదు. అక్కడ చూసిన మనిషే చాలు, ఒక్క మాటతో పట్టేయొచ్చు. నవలకు మాత్రం ఆ సరుకు మూడో అధ్యాయం దాకా కూడా రాదు.