ఎమ్‌జీబీ గేరుబాక్సులో ఇంజిన్ ఆయిలే: పదేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్న నేను 1972 నాటి ఎమ్‌జీబీ జీటీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఒకటి 2015 వేసవి మొదట్లో కొన్నాను. ఇప్పటివరకు దాదాపు 38,000 మైళ్లు నడిపాను. ఇది నాలుగు గేర్లకూ సింక్రో (గేరు మార్చేటప్పుడు వేగాలను సమానం చేసే ఏర్పాటు) ఉన్న గేరుబాక్సు, దాని వెనకే లేకాక్ కంపెనీ ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజిను నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు) ఉన్న బండి. ఈ పదేళ్లలో ఆ గేరుబాక్సులో మూడు రకాల ఆయిళ్లు తిరిగాయి. ఒకటి నేను కొనేనాటికే అందులో ఉన్నది, మిగిలిన రెండూ నేను కొని పోసినవి. ఏది ఎలా పనిచేసిందో, ఏది ఎందుకు మానుకున్నానో రాస్తున్నాను.

మా నాన్నగారికి తెనాలిలో పెట్రోలు అంబాసిడర్ ఉండేది. దానిలోని 1489 సీసీ ఇంజినూ, ఈ ఎమ్‌జీబీలోని 1798 సీసీ ఇంజినూ బ్రిటన్‌లోని బీఎమ్‌సీ కంపెనీ వారి బీ-సిరీస్‌కు చెందిన అన్నదమ్ములే కాబట్టి, మొదటిసారి బోనెట్ ఎత్తినప్పుడు నాకు తెలిసిన ముఖమే కనిపించింది. ఆ చనువుతోనే ఒక పొరపాటు నమ్మకం కూడా వెంట వచ్చింది. గేరుబాక్సు అంటే గేరాయిల్ పోయాలి, అది తేనెలా చిక్కగా ఉండాలి అనేది చిన్నప్పుడు మేస్త్రీల దగ్గర నిలబడి నేర్చుకున్న పాఠం. ఈ కారు హ్యాండ్‌బుక్కు చూస్తే అది తప్పని తేలింది. ఇంజినుకు పోసే 20డబ్ల్యూ-50 (ఇది చిక్కదనాన్ని తెలిపే నంబరు) ఆయిలే గేరుబాక్సుకూ, ఓవర్‌డ్రైవ్‌కూ పోయాలని అందులో ఉంది. ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్ల డాంపర్లలో వేసే నాలుగు చుక్కలూ ఆ డబ్బాలోవే. 90 ఈపీ (విపరీతమైన ఒత్తిడిని తట్టుకునే రకం) గేరాయిల్ పోయాల్సిన చోటు వెనక ఇరుసు.

కారు కొన్న కొత్తలో ఉదయం పూట రెండో గేరు పడేది కాదు. లివరును నొక్కిపట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టాక కిర్రుమని లోపలికి వెళ్లేది. ఓవర్‌డ్రైవ్ స్విచ్ వేస్తే, అది పట్టుకోవడానికి మూడు నాలుగు సెకన్లు తీసుకునేది. పాత యజమాని ఇచ్చిన కాగితాల్లో ఏదో గ్యారేజీ బిల్లు కనిపించింది, అందులో ‘గేరుబాక్సుకు కొత్త ఆయిల్’ అని మాత్రమే ఉంది. ఏ ఆయిల్ పోశారో లేదు. సంగతి తేల్చుకోవడానికి ఒక శనివారం కారును నాలుగు స్టాండ్ల మీదకు ఎక్కించి, డ్రెయిన్ ప్లగ్గు విప్పాను.

ఆయిల్ పళ్లెంలో పడకముందే వాసన చెప్పేసింది. దీపావళి మర్నాడు వీధిలో ఉండే గంధకం వాసనకు కాలిన రబ్బరు కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఈపీ గేరాయిల్ గుర్తు అదే. పళ్లచక్రాల మీద విపరీతమైన ఒత్తిడి పడినప్పుడు లోహం లోహానికి అతుక్కోకుండా కాపాడటానికి దానిలో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలుపుతారు. చెంచాడు ఆయిల్ తెల్ల పింగాణీ పళ్లెంలో పోసి టార్చి వేసి చూశాను. అడుగున సన్నని పసుపు మెరుపు, చీర జరీ నుంచి రాలిన పొడిలాంటిది, కదిలింది. అయస్కాంతం దగ్గర పెడితే కదల్లేదు కాబట్టి అది ఇనుము కాదు, సింక్రో రింగుల ఇత్తడి.

ఆయిల్ ఎంపికలో అసలు కీలకం ఆ రింగుల దగ్గరే ఉంది. గేరు మార్చినప్పుడు సింక్రో రింగు గేరు మీదున్న ఒక కోనును (శంకువు ఆకారపు భాగాన్ని) గట్టిగా పట్టుకొని, రాపిడితో రెండింటి వేగాన్నీ సమానం చేయాలి. అంటే అక్కడ కొంత రాపిడి కావాలి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే రింగు పట్టు దొరక్క జారుతుంది, గేరు కిర్రుమంటుంది. పైగా జీఎల్-4, జీఎల్-5 అని గేరాయిళ్లకు స్థాయిలు ఉంటాయి; జీఎల్-5 రకం ఆయిల్‌లో ఈపీ రసాయనాలు జీఎల్-4 కంటే దాదాపు రెట్టింపు ఉంటాయి. వాటిలోని చురుకైన గంధకం వేడిలో రాగి కలిసిన లోహాలను తినగలదు. ఆయిల్ ఎంత తింటుందో చూడటానికి రాగి పట్టీని వేడి ఆయిల్‌లో ముంచి రంగు మారడాన్ని గమనించే పరీక్ష కూడా ఉంది. ఇప్పటి జీఎల్-5 ఆయిళ్లలో కొన్ని ఆ పరీక్షలో బాగానే నెగ్గుతాయి. కాబట్టి జీఎల్-5 పోసిన ప్రతి బాక్సూ పాడవుతుందని నేను అనను. నా బాక్సులో రాలిన ఇత్తడి గంధకం తిన్నదో, పట్టు దొరక్క అరిగినదో కూడా తేల్చి చెప్పలేను. అయితే ఈ బాక్సులోని పళ్లచక్రాలకు ఆ రసాయనాల అవసరమే లేనప్పుడు వాటిని కొని మరీ పోయడం దేనికి? ఇక ఓవర్‌డ్రైవ్ లోపల రాపిడి పొర అతికించిన కోను క్లచ్చు ఈ ఆయిల్‌లోనే తిరుగుతుంది. జారుడు ఆయిల్ దానికి ఇంకా చేటు.

చాలామందిని తికమకపెట్టేవి డబ్బా మీది అంకెలు. 90 అంటే 50 కంటే చాలా చిక్కన అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. గేరాయిల్ కొలమానం వేరు, ఇంజిన్ ఆయిల్ కొలమానం వేరు. 100 డిగ్రీల వేడిలో 90 నంబరు గేరాయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటే, 50 నంబరు ఇంజిన్ ఆయిల్ చిక్కదనం 16.3 నుంచి 21.9 మధ్య ఉంటుంది. వేడెక్కాక రెండూ ఇంచుమించు ఒకే చిక్కదనానికి వస్తాయి. చలిలోనే తేడా తెలుస్తుంది. తెనాలి ఎండలో ఎవరికీ పట్టని ఈ సంగతి, లెస్టర్‌లో జనవరి ఉదయం గేరు లివరు పట్టుకున్న చేతికి బాగా తెలుస్తుంది.

ఆయిల్ మార్చే పని కష్టమైనదేమీ కాదు, ఓపిక మాత్రం కావాలి. ముందుగా పది మైళ్లు తిప్పి ఆయిల్‌ను వేడెక్కించాలి. కారు ముందు భాగం మాత్రమే జాకీతో లేపి పని కానిస్తే ఆయిల్ అంతా దిగదు, తర్వాత మట్టం కూడా తప్పు చూపిస్తుంది. నాలుగు మూలలా స్టాండ్లు పెట్టి సమంగా నిలపాలి. గేరుబాక్సు ప్లగ్గు విప్పితే నాకు రెండు లీటర్లకు కాస్త పైన వచ్చింది. అక్కడితో పని అయిపోయిందనుకుంటే ఓవర్‌డ్రైవ్‌లో పాత ఆయిల్ అలాగే ఉండిపోతుంది. దాని అడుగున ఉన్న పలకను విప్పితే మరో ముప్పావు లీటరు దిగింది. ఆ పలక వెనకే సన్నని తీగ జల్లెడ ఉంటుంది, పలక లోపలి వైపు అయస్కాంతాలు ఉంటాయి. వాటిమీద బూడిదరంగు మెత్తని పేస్టు ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. గోటికి గరగరలాడే పెచ్చులు ఉంటే మాత్రం ఆయిల్ సంగతి పక్కన పెట్టి బేరింగుల సంగతి చూడాలి. జల్లెడను కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టి, కొత్త గాస్కెట్‌తో బిగించాను.

పోసేది మాత్రం కారు లోపలి నుంచి. టన్నెల్ (సీట్ల మధ్య గేరుబాక్సును కప్పే గట్టు) మీద కార్పెట్ ఎత్తితే రబ్బరు బిరడా ఒకటి కనిపిస్తుంది, దాని కింద డిప్‌స్టిక్ ఉంటుంది. ఆ కన్నంలోకి అర మీటరు ప్లాస్టిక్ గొట్టం దింపి, దానికి గరాటు తగిలించి పోయాలి. గుక్కెడు గుక్కెడుగా తప్ప ఆయిల్ దిగదు. తొందరపడితే పైకి తన్ని కార్పెట్ పాలవుతుంది. ఆయిల్ డబ్బాను ముందే బక్కెట్‌లో వేడినీళ్లలో నిలబెట్టడం నాకు తర్వాత తట్టిన ఉపాయం. దానితో నలభై నిమిషాల పని ఇరవైకి తగ్గింది.

ఓవర్‌డ్రైవ్‌తో కలిపి ఈ బాక్సుకు 6 పింట్లు పడుతుంది. అవి బ్రిటిష్ పింట్లు కాబట్టి 3.4 లీటర్లు. అమెరికన్ పింటు 473 మిల్లీలీటర్లే, ఆ లెక్కన పోస్తే అర లీటరుకు పైగా తక్కువ పడుతుంది. మొదటిసారి నేను చేసిన పొరపాటు వేరు. ఖాళీ చేసిన ఓవర్‌డ్రైవ్ నిండకముందే డిప్‌స్టిక్ మీద పై గీత చూసి, కార్పెట్ మూసేసి, సంతోషంగా రోడ్డెక్కాను. నాలుగో గేరులో ఓవర్‌డ్రైవ్ ఒకసారి పట్టి వదిలేసింది. ఇంటికి వచ్చి చూస్తే మట్టం కింది గీతకు దిగువన ఉంది, సుమారు 300 మిల్లీలీటర్లు పోస్తే గాని పైకి రాలేదు. ఇప్పుడు పోసిన తర్వాత ఐదు మైళ్లు తిప్పి, మూడులోనూ నాలుగులోనూ ఓవర్‌డ్రైవ్ వేసి తీసి, పది నిమిషాలు ఆగి మళ్లీ చూస్తాను.

మినరల్ (సింథటిక్ కాని మామూలు రకం) 20డబ్ల్యూ-50 పోసిన మొదటి వారంలో తేడా కనిపించలేదు, నిజం చెప్పాలంటే డబ్బు దండగ అనిపించింది. పాత ఆయిల్ అవశేషాలు పోవడానికి 1,000 మైళ్లకే రెండోసారి మార్చాను. ఆ తర్వాత రెండో గేరు కిర్రుమనడం మానేసింది. ఓవర్‌డ్రైవ్ సెకనులోపే పట్టడం మొదలైంది. దాని నిష్పత్తి 0.82. మోటార్‌వే మీద గంటకు 70 మైళ్ల వేగంలో ఇంజిను నిమిషానికి 3,900 చుట్ల దగ్గర అరుస్తున్నది 3,200కు దిగుతుంది, లోపల మాటలు వినపడతాయి. నా భార్య ఈ కారును క్షమించింది అప్పటి నుంచే.

2019లో పల్చని సింథటిక్ గేరాయిల్ ఒకటి, ఇత్తడికి హాని లేని జీఎల్-4 రకం, పోసి రెండు శీతాకాలాలు నడిపాను. చలిలో అది అద్భుతం. మైనస్ 4 డిగ్రీల ఉదయం కూడా మొదటి వీధి మలుపులోనే రెండో గేరు వెన్నలో కత్తిలా దిగేది. కానీ న్యూట్రల్‌లో నిలిపినప్పుడు క్లచ్ నొక్కితే ఆగిపోయే గలగల ఈ బాక్సులో ఎప్పుడూ కొంత ఉండేదే, అది ఆ రెండేళ్లూ బాగా పెరిగింది. వేడెక్కాక ఓవర్‌డ్రైవ్ అప్పుడప్పుడు తడబడింది. గ్యారేజీ నేల మీద మరక నాణెమంత నుంచి సాసరంత అయింది. లీటరు ధర మూడు రెట్లు పెట్టి కొన్న ఆయిల్ నేలపాలు కావడం చూడలేక, మళ్లీ 20డబ్ల్యూ-50కే వచ్చాను. ఓవర్‌డ్రైవ్ లేని ఎమ్‌జీబీ అయితే, అదీ చలిదేశంలో రోజూ నడిపేదైతే, ఆ సింథటిక్‌కే నా ఓటు వేసేవాణ్ని.

బ్రాండు గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. క్యాస్ట్రాల్ క్లాసిక్ ఎక్స్‌ఎల్, హాల్ఫోర్డ్స్ క్లాసిక్ రెండూ వాడాను, గేరు లివరు వాటి మధ్య తేడా చెప్పలేదు. రెండూ పాతకాలపు పద్ధతి మినరల్ 20డబ్ల్యూ-50లే, ఎంపికలో నేను చూసేది అది ఒక్కటే.

ఇది చదివి అంబాసిడర్‌లోనో పద్మినిలోనో ఇంజిన్ ఆయిల్ పోసేయకండి. ఇంజిను వంశం ఒకటైనంత మాత్రాన గేరుబాక్సు అలవాట్లు ఒకటి కావు. పాత మినీలో ఇంజినూ గేరుబాక్సూ ఒకే ఆయిల్ పంచుకుంటాయి. వోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఇరుసు పళ్లచక్రాలు కూడా గేరుబాక్సు పెట్టెలోనే ఉంటాయి గనుక దానికి గేరాయిలే కావాలి. మీ బండి, మీ ఏడాది హ్యాండ్‌బుక్కు సంపాదించి, అందులో ఆయిళ్ల పట్టిక ఉన్న పేజీ చూడండి.

ఈ ఆయిల్‌తో నాకు మిగిలిన ఫిర్యాదు ఒక్కటే: చలికాలంలో మొదటి రెండు మైళ్లు రెండో గేరు ఇంకా బద్ధకిస్తుంది. ఆ రెండు మైళ్లూ తొందర పెట్టకుండా, ఒక్క క్షణం న్యూట్రల్‌లో ఆగి మారుస్తాను. ప్రతి 6,000 మైళ్లకు ఆయిల్ మారుస్తున్నాను, మొన్న అక్టోబరులో మళ్లీ మార్చాను. పింగాణీ పళ్లెంలో ఆయిల్ నల్లగా ఉంది గాని పసుపు మెరుపు లేదు, అయస్కాంతాల మీద గోరంత బూడిద పేస్టు ఉంది. షెడ్డులో ఉన్న 90 ఈపీ డబ్బా మీద మార్కరుతో ‘వెనక ఇరుసుకు మాత్రమే’ అని తెలుగులో రాసి పెట్టాను.