శాన్‌డిస్క్ హై ఎండ్యూరెన్స్ 128 జీబీ: గంటలు చూసి కొన్న కార్డు

మాది విజయవాడ. మా డిజైర్ ట్రావెల్స్‌లో తిరుగుతుంది, ఎక్కువగా హైదరాబాద్ ట్రిప్పులే. డాష్‌క్యామ్ (అద్దం దగ్గర ఉండి రోడ్డుని వీడియో తీసే కెమెరా) బిగించిన షాపువాళ్లు ఫ్రీగా ఇచ్చిన మామూలు మెమరీ కార్డు మొదటి ఎండాకాలం కూడా దాటలేదు. ఎర్ర లైటు వెలుగుతూనే ఉండేది, రికార్డింగ్ అవుతోందనే అనుకున్నాం. నందిగామ దగ్గర ఓ ఆటో బంపర్ గీరేసి పోయిన రోజు తీసి చూస్తే అన్నీ పాత వీడియోలే. వాటిలోనూ కొన్ని తెరుచుకోలేదు.

డాష్‌క్యామ్‌లో కార్డుకి విశ్రాంతి ఉండదు. నిండగానే పాత వీడియో చెరిపి కొత్తది రాస్తూనే ఉంటుంది. కార్డులోని మెమరీని ఇలా చెరిపి రాయడానికి ఒక పరిమితి ఉంటుంది. అందుకే కొన్ని కంపెనీలు మామూలు కార్డుని డాష్‌క్యామ్‌లో వాడితే వారంటీ వర్తించదని షరతుల్లోనే రాస్తాయి. ఆ అక్షరాలు ఎవరు చదువుతారులెండి.

ఆ తర్వాత కొన్న ఈ హై ఎండ్యూరెన్స్ 128 జీబీకి కంపెనీ చెప్పేది ఫుల్ హెచ్‌డీలో 10,000 గంటల రికార్డింగ్ వరకు. బండి రోజుకి పది గంటలు తిరిగితే మూడేళ్లకు కాస్త తక్కువ. మా కెమెరా ముందూ వెనకా రెండువైపులా తీస్తుంది కాబట్టి ఆ లెక్కని సగం చేసి, ఏడాదిన్నర లోపే మార్చేద్దామని పెట్టుకున్నాను. రాసే వేగం సెకనుకి 40 ఎంబీ వరకే, డాష్‌క్యామ్‌కి అది చాలు. వేడి 85 డిగ్రీల దాకా తట్టుకుంటుందట. బెజవాడ మే నెలలో అద్దం కింద ఉండే వస్తువుకి ఆ మాత్రం ఉండాల్సిందే.

కార్డు ఎంత మంచిదైనా చూసుకోకపోతే దండగే. నెలకోసారి కావాల్సిన క్లిప్పులు ఫోన్‌లోకి తీసుకుని, కెమెరా మెనూలోంచే ఫార్మాట్ చేస్తాం. కంప్యూటర్‌లో చేస్తే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్ పడుతుంది, కొన్ని కెమెరాలకి ఫ్యాట్32 అనే ఇంకో రకం కావాలి, అక్కడ పేచీ. ఫార్మాట్ అయ్యాక రెండు నిమిషాలు రికార్డు చేసి, ప్లే చేసి చూడాలి. ఎర్ర లైటుని మాత్రం నమ్మకండి.

ఇంకో తంటా జీ-సెన్సర్, అంటే కెమెరాలో కుదుపుని పసిగట్టేది. అది 'హై'లో ఉంటే ప్రతి స్పీడ్ బ్రేకర్‌నీ యాక్సిడెంట్ అనుకుని క్లిప్పుని లాక్ చేస్తుంది. లాకైనవాటి మీద కొత్త వీడియో పడదు, కార్డు నిండిపోతుంది. మా ఊరి రోడ్లకి 'లో' పెట్టుకోవడమే మేలు. కార్డు తీసేటప్పుడు కెమెరా పూర్తిగా ఆఫ్ అయ్యేదాకా ఆగమని మా డ్రైవర్‌కి ఎన్నిసార్లు చెప్పానో.

కంప్యూటర్‌లో 119 జీబీయే చూపిస్తోందని ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లున్నారు. లెక్కగట్టే పద్ధతిలో తేడా అది, మోసం కాదు. నకిలీ కార్డుల బెడద మాత్రం నిజమే. కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కార్డు మొత్తం నింపి పరీక్షించండి. గంటకు పైనే పడుతుంది, టీ తాగి రావచ్చు.

రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే కారుకి ఈ కార్డు ఎక్కువే. పగలు తిప్పి, రాత్రంతా పార్కింగ్ మోడ్‌లో (బండి ఆగి ఉన్నా) రికార్డు చేయించేవాళ్లయితే, రోజుకి 24 గంటల లెక్కన 10,000 గంటలు పద్నాలుగు నెలలు కూడా రావు. వాళ్లు ఇంకాస్త డబ్బు పెట్టి శాన్‌డిస్క్‌దే మ్యాక్స్ ఎండ్యూరెన్స్ గానీ, శాంసంగ్ ప్రో ఎండ్యూరెన్స్ గానీ చూసుకోవడం మంచిది.