ఉచిత న్యాయ సహాయం: మా ఇంటి అనుభవం

రాత్రి తొమ్మిదిన్నరకు మా తమ్ముణ్ణి స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఎందుకో చెప్పలేదు. టెన్షన్‌తో నిద్రే లేదు. తెల్లారగానే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు పరుగెత్తాను. లాయరమ్మ ముందు అడిగింది ఒక్కటే: "ఎన్నింటికి తీసుకెళ్లారమ్మా?" టైము కాగితం మీద రాసి, చుట్టూ గుండ్రంగా గీత గీశారు.

రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టుకు కారణం చెప్పాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆవిడ స్టేషన్‌కు వచ్చి ఆ మాటే నెమ్మదిగా అడిగారు. గొంతు పెంచలేదు. సాయంత్రానికి వాణ్ణి కోర్టుకు తెచ్చారు, బెయిలొచ్చింది.

పైసా తీసుకోలేదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఇస్తారు. హెల్ప్‌లైన్ 15100. ఫోన్లో సేవ్ చేసుకోండి. ఆ కాగితం మా బీరువాలో దాచుకున్నాను.