ద్వారకానగర్‌లో వేలిముద్రల దుకాణం: చెయ్యి మంచిది, బోర్డు మంచిది కాదు

కెనడాలో స్థిరపడటానికి దరఖాస్తు పెట్టుకున్న మా అక్క కొడుక్కి, కోడలికి అమెరికా పోలీసు సర్టిఫికెట్, అంటే అక్కడి నేరాల రికార్డు చూసి ఇచ్చే కాగితం, కావలసి వచ్చింది. ఇద్దరూ అక్కడ కొన్నేళ్లు ఉండి వచ్చినవాళ్లు. గత పదేళ్లలో వరుసగా ఆరు నెలలు, అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ కెనడా వాళ్లు ఆ కాగితం అడుగుతారు. అమెరికా తరఫున దాన్ని ఇచ్చేది అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ. ఎఫ్‌డీ-258 అనే కార్డు మీద పది వేళ్ల ముద్రలు సిరాతో తీయించి వెస్ట్ వర్జీనియాకు పంపాలి. దాని రుసుము 18 డాలర్లు.

"పిన్నీ, నువ్వే తీసెయ్యరాదా?" అన్నాడు అబ్బాయి. నేను పోలీసు శాఖ వేలిముద్రల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కానీ రోలరు, గాజు పలక, సిరా ఇంట్లో పెట్టుకునే సామాను కాదు కదా. అందుకే విశాఖ ద్వారకానగర్‌లో ఈ పని చేసే దుకాణానికి వాళ్ల వెంట వెళ్లాను. నేను ఏ ఉద్యోగం చేశానో అక్కడ నోరు జారి చెప్పొద్దని ముందే హెచ్చరించాను.

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. కోచింగ్ సెంటర్ల బోర్డుల నడుమ ఇరుకు మెట్లు ఎక్కితే మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు, బండి పెట్టుకునే చోటూ లేదు. లోపల శుభ్రంగానే ఉంది. తలుపు పక్కన బోర్డు మీద రెండు మాటలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి: 'ఎఫ్‌బీఐ గుర్తింపు పొందిన కేంద్రం', 'నూటికి నూరు శాతం ఆమోదం గ్యారంటీ'. రెండూ వట్టి మాటలే. ఎఫ్‌బీఐ తరఫున దరఖాస్తులు తీసుకునే గుర్తింపు ఏజెన్సీలు అమెరికాలోనే ఉంటాయి. అవి కూడా అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే. మనలాంటివాళ్ల కార్డు విశాఖలో తీసినా విజయనగరంలో తీసినా వాళ్లు చూసేది ముద్ర స్పష్టంగా పడిందా లేదా అన్నదే.

యజమాని మర్యాదస్తుడు, మాటకారి. "ఇది పూర్తిగా అమెరికా పద్ధతి మేడం. మన స్టేషన్లలో అద్దినట్టు కాదు" అన్నాడు. అక్కడ ఊరుకున్నాను గానీ ఇక్కడ ఊరుకోను. ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. ఎఫ్‌బీఐ గుర్తింపు విభాగం మొదలైంది 1924లో. ఏ వేళ్ల మీద చక్రాలు, అంటే గుండ్రంగా తిరిగే రేఖలు, ఉన్నాయో చూసి, ఆ వేళ్లకు అంకెలు వేసి కూడి, పది వేళ్ల ముద్రలున్న స్లిప్పులను 1,024 అరల్లోకి సర్దే లెక్క కట్టింది అజీజుల్ హక్ అనే సబ్ ఇన్‌స్పెక్టరు. హేమచంద్ర బోస్ కూడా ఆ పనిలో ఉన్నారు. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ఎఫ్‌బీఐ వాళ్లు దశాబ్దాల తరబడి స్లిప్పులు సర్దుకున్నది ఆ హెన్రీ పద్ధతిని పెంచుకునే. "వాళ్ల దగ్గర పొరపాటన్నది ఉండదు" అని కూడా అన్నాడు దుకాణం యజమాని. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో దొరికిన ముద్రను, ఆ కేసుతో ఏ సంబంధమూ లేని బ్రాండన్ మేఫీల్డ్ అనే ఒరెగాన్ వకీలుదిగా తేల్చి, ఆయన్ని నిర్బంధించి, ఆనక క్షమాపణ చెప్పుకున్నది ఎవరో ఈ యజమానికి తెలిసినట్టు లేదు.

ఇక అసలు పని. ముద్రలు తీసేది యజమాని కాదు, ఆయన దగ్గర పనిచేసే ఒక అమ్మాయి. ఇంతకు ముందు అల్లిపురంలో ప్రింటింగ్ ప్రెస్సులో ఉండేదట. ఆ సంగతి ఆమె సిరా పరిచిన తీరులోనే తెలిసింది. ట్యూబు నుంచి శనగ గింజంత సిరా పలక మీద వేసి, పలక నల్లబడకుండా బూడిదరంగు పొర మాత్రమే మిగిలేదాకా రోలరును నాలుగు వైపుల నుంచీ నడిపింది. సిరా ఎక్కువైతే రేఖల మధ్య సందులు పూడిపోయి ముద్ర మచ్చవుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరే కానిస్టేబుళ్లకు ఈ ఒక్క సంగతి నేర్పడానికి నా గొంతు ఎంత పోయిందో నాకే తెలుసు.

అబ్బాయిని బల్లకు చెయ్యి చాచినంత దూరంలో నిలబెట్టి, "నా వైపు చూడొద్దన్నా, ఆ గోడ మీద క్యాలెండర్ చూడండి. చెయ్యి నాకు వదిలెయ్యండి" అంది. మనిషి తన వేలిని తాను సాయం పట్టి తిప్పితే ముద్ర జారిపోతుంది. బొటనవేలిని ఒంటి వైపుకు, మిగతా వేళ్లను ఒంటి నుంచి బయటికి, గోరు అంచు నుంచి గోరు అంచు దాకా ఒక్క ఊపున దొర్లించి పైకెత్తింది. ఎక్కడా ఆగలేదు, వెనక్కి తిప్పలేదు. ఇది చాదస్తం కాదు. చక్రం ఉన్న వేలికి రెండు డెల్టాలు ఉంటాయి, అంటే రేఖలు మూడు దారులుగా చీలే చోట్లు. శంఖం, అంటే వచ్చిన వైపే వెనుదిరిగే రేఖలు, ఉన్న వేలికి ఒక్కటే. పొట్టిగా దొర్లిస్తే ఒక పక్క డెల్టా కార్డు మీదికి రాదు. అప్పుడు చక్రమా శంఖమా అన్నదే అనుమానంలో పడుతుంది.

కార్డు అడుగున నాలుగు వేళ్లూ కలిపి ఒకేసారి నొక్కే గళ్లు ఉంటాయి. చాలామంది అవి అలంకారం అనుకుంటారు. పైన దొర్లించిన వేళ్లు సరైన వరసలో పడ్డాయో లేదో సరిచూసేది వాటితోనే. ఉంగరం వేలు మధ్యవేలి గడిలో పడితే అక్కడ పట్టుబడుతుంది. ఆమె ఆ నాలుగు వేళ్లనూ కొద్దిగా ఏటవాలుగా పెట్టించి, చిటికెన వేలు గడి దాటిపోకుండా చూసింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

కోడలి దగ్గర వచ్చింది చిక్కు. అంట్ల సబ్బు పడక ఆమె వేళ్ల చివర్లు పొడిబారి పగిలి ఉన్నాయి. పైగా విశాఖ ఉక్క. చెమట తడి మీద సిరా నిలవదు. ఆ అమ్మాయి స్పిరిట్‌తో ప్రతి వేలినీ తుడిచి, ఆరనిచ్చి, సిరా ఇంకా పలుచన చేసి, బాగా తేలికగా నొక్కింది. అరిగిన రేఖల మీద బలం చూపిస్తే ఉన్నవి కూడా అణిగిపోతాయి. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు నేను చూశాను. ఆ జీడి నూనెకు రేఖలు కాలిపోయి, వేలి కొస నున్నగా ఉంటుంది. కోడలివి అంత దూరం పోలేదు. అయినా నేనైతే ఆ రోజు తీసేదాన్ని కాదు. వారం రోజులు అంట్లు మానేసి, రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకుని రమ్మనేదాన్ని. ఆ అమ్మాయి కూడా అదే చెప్పబోయింది. యజమాని అడ్డుపడి "ఏం పరవాలేదు, కానివ్వు" అన్నాడు. అబ్బాయిది సర్టిఫికెట్ వచ్చింది. కోడలిది ముద్రలు చాల్లేదని తిరస్కరించారు. గ్యారంటీ సంగతి అడిగితే ఆయన, "గ్యారంటీ మా పనికి మేడం, మీ చర్మానికి కాదు" అన్నాడు. మళ్లీ డబ్బులు పుచ్చుకున్నాడు. మనిషికి 1,500 రూపాయలు, రెండు కార్డులు. పనితనానికి సబబే, తిరిగి తీసినప్పుడు కూడా అంతే అడగడం సబబు కాదు.

నాకు నిజంగా కోపం తెప్పించినవి రెండు. ఒకటి, ముద్రలు తీసిన అధికారి సంతకం చేయాల్సిన గడిలో యజమాని సంతకం చేశాడు. ఆయన ఆ సమయంలో ఫోనులో ఉన్నాడు! కోర్టు బోనులో ఇలాంటి సంతకం దొరికితే ఎదుటి వకీలుకు పండగే.

రెండోది ఇంకా పెద్దది. చెడిపోయిన కార్డులు పేరు, పుట్టిన తేదీతో సహా బల్ల కింద చెత్తబుట్టలో పడి ఉన్నాయి. ఎవరివో, ఎప్పటివో కూడా. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు చేసి, ఆధార్ చెల్లింపుల ద్వారా జనం ఖాతాల్లో డబ్బు కాజేసిన కేసులు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడిచాయి. బ్యాంకు పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. 1890ల చివర్లో బెంగాల్‌లోని జల్పాయిగురి తేయాకు తోట మేనేజరు హత్య కేసులో ఒక పంచాంగం మీది బొటనవేలి మరక పాత నౌకరుదని పట్టుకోగలిగింది, అతని పాత దొంగతనం కేసు నాటి స్లిప్పు కలకత్తాలో భద్రంగా ఉండబట్టే. కోర్టు అతనికి దొంగతనానికే శిక్ష వేసింది, హత్యకు వేయలేదు. స్లిప్పును భద్రంగా ఉంచడం ఈ వృత్తిలో సగం పని. మావాళ్లవి చెడిన కార్డులు నేనే అడిగి తీసుకుని, అక్కడే నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకున్నాను. మీరు వెళ్తే అదే చేయండి. వీలైతే మీ వేలిముద్రతో ఎవరూ ఆధార్ వాడకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ కూడా వేసుకోండి, ఫోనులోనే అవుతుంది.

ఇన్ని చెప్పి కోడలి ముద్రలు రెండోసారి ఎక్కడ తీయించారని అడుగుతారేమో. అక్కడే, ఆ అమ్మాయి చేతనే. ఈసారి చేతులు నెమ్మదించాకే వెళ్లాం. గడులన్నీ నేనే భూతద్దంతో చూశాను. డెల్టాలు అన్నీ వచ్చాయి. నేనెవరో అప్పటికి యజమానికి తెలిసిపోయింది, సంతకం గడి వైపు వేలు కూడా పెట్టలేదు, ఆ అమ్మాయి చేతే చేయించాడు. ఆమెకు మంగళవారం సెలవు. ఆ రోజు ముద్రలు యజమానే తీస్తాడట. మంగళవారం వెళ్లకండి.